చప్పుడు సీటులో పదకొండేళ్ళు

ఇంతవరకు నోరు విప్పి ఎవరికీ చెప్పని మాటతో మొదలుపెడతాను. నాయనకు చెప్పలేదు. రోజూ తప్పకుండా రాసుకునే డైరీకి కూడా చెప్పలేదు. ఆ రోజు పేజీలో "ఎండ ఎక్కువ" అని మాత్రమే ఉంది. సంగతేమిటంటే, సర్కారు పెట్టిన ఒక పరీక్షలో నేను మోసం చేశాను. బడి పరీక్ష కాదు. ఒక శెనక్కాయల మిల్లు చేసే చప్పుడు మనుషుల ఆరోగ్యానికి చెరుపా కాదా అని తేల్చే పరీక్ష. అందులో కొలబద్ద నేనే.

నాకిప్పుడు ముప్పై ఒకటి. ఈ వయసులో ఉద్యోగ అనుభవాలు రాస్తే నవ్వుతారని తెలుసు. కానీ రిటైరు కావడానికి వయసే అక్కర్లేదు, సీటు ఎత్తేసినా చాలు. మా ఊరి మిల్లుకు కరెంటు మోటారు వచ్చింది. ఆయిల్ ఇంజను పోయింది. కాబట్టి ఊళ్ళో చప్పుడు లేదని పై ఆఫీసు కాగితం మీద తేల్చింది. చప్పుడే లేనప్పుడు చప్పుడు గుమాస్తాకు కుర్చీ ఎందుకు? వచ్చే నెల కదిరి వైపు ఒక గ్రంథాలయంలో చేరుతున్నాను. అక్కడ గోడ మీద "నిశ్శబ్దం" అని రాసి ఉంటుందట.

ఇలాంటి ఆఫీసుల్లో చేరబోయే ఆడపిల్లల కోసం ఇది రాస్తున్నాను. మగపిల్లలు కూడా చదవొచ్చు, అభ్యంతరం లేదు. ఊరి పేరు రాయను. వాన కోసం ఏడాదిలో పది నెలలు ఆకాశం వైపు చూసే ఊరు. మన జిల్లాలో అలాంటివి ఎన్ని ఉన్నాయో మీకే తెలుసు. మనుషుల పేర్లు కూడా మార్చాను.

సీటు నాకే ఎందుకిచ్చారు

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో, ఎస్సెల్సీ పాసై టైపు నేర్చుకుని పంచాయతీ ఆఫీసులో చేరాను. ఎవరైనా పేరు అడిగితే రెండోసారి కూడా అడగాల్సి వచ్చేది. అంత చిన్న గొంతు. మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు ఫైలు కింద నవల పెట్టుకుని చదివేదాన్ని. అది కూడా పేజీ తిప్పిన చప్పుడు రాకుండా.

మైకులకు, మిల్లులకు, ఇంజన్లకు అనుమతులిచ్చే సీటు అప్పుడే ఖాళీ అయింది. జనమంతా వచ్చి అరిచే సీటు అని ఎవరూ తీసుకోలేదు. "వనజ తిరిగి అరవదు, ఆమెకిద్దాం" అన్నాడు హెడ్ క్లర్కు. నా అర్హత అదే.

చట్టంలో ఉన్నదల్లా ఒక్క మాట: చుట్టుపక్కలవాళ్ళ ఆరోగ్యానికి భంగం కలిగేలా చప్పుడు చేయకూడదు. ఎంత చప్పుడైతే భంగం, ఎవరు వింటే భంగం, ఎలా కొలవాలి అన్నవి మాత్రం లేవు. మద్రాసు వాళ్ళు రాయలేదు, కర్నూలు వాళ్ళు రాయలేదు, హైదరాబాదు వాళ్ళూ రాయలేదు. రాజధాని రెండుసార్లు మారింది, ఆ ఖాళీ మాత్రం అలాగే భద్రంగా ఉంది.

మైకు దరఖాస్తులో ఒక గడి ఉండేది: శబ్దం ఎంత దూరం వినిపించును? ఒక భజన మండలి "దేవుని దాకా" అని రాసింది. ఒక పెళ్ళిపెద్ద "వియ్యంకుడికి వినపడేంత" అని రాశాడు. టూరింగు టాకీసు ఆయనది నిజాయితీ. "టిక్కెట్టు కొననివాళ్ళకు కూడా" అన్నాడు. మూడింటి మీదా "మితముగా" అని ముద్ర కొట్టి అనుమతి ఇచ్చాం. మితం అంటే ఎంతో మాకు తెలిస్తే కదా వాళ్ళకు చెప్పడానికి! ఒకసారి ఒక పెద్దమనిషి వచ్చి శాంతి గురించి మూడు గంటలు ఉపన్యసించాడు. నాలుగు మైకు హారన్లూ ఆస్పత్రి వైపే తిప్పారు. మర్నాడు ఆ సభ ప్రశాంతంగా జరిగిందని రిపోర్టు టైపు చేసింది నేనే.

కొత్తగా చేరేవాళ్ళకు నా మొదటి మాట ఇది: మీ బల్ల దగ్గరకు చప్పుడు రాదు, కాగితం వస్తుంది. కాగితం ఎప్పుడూ నిశ్శబ్దంగానే ఉంటుంది. లేచి వెళ్ళి వినండి.

చీకటి గది

లేచి వెళ్ళడం నాకు నేర్పింది నర్సు ఎస్తేరమ్మ. ఆమె ఎవరి మాటా లెక్కచేసే మనిషి కాదు. ఒకరోజు ఆఫీసుకొచ్చి, నా బల్ల మీద ఫిర్యాదు పెట్టి, "కాయితం చదివేది తర్వాత, ముందు నువ్వు రా పాపా" అని చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది.

ఆస్పత్రి చివర ఒక గది ఉంది. కిటికీలకు నల్ల గుడ్డ కట్టి ఉంది. ధనుర్వాతం వచ్చినవాళ్ళను అందులో ఉంచుతారు. కాలికి ముల్లు దిగినా, గొర్రు తగిలినా, తుప్పు మేకు గుచ్చుకున్నా వచ్చే జబ్బు. దవడ బిగుసుకుపోతుంది, ఒళ్ళు విల్లులా వంగుతుంది. ఆ రోగికి మందు ఎంత ముఖ్యమో నిశ్శబ్దం అంత ముఖ్యం. గిన్నె జారి పడినా సరే, ఒళ్ళు మళ్ళీ బిగుస్తుంది. అందుకని ఎస్తేరమ్మ ఆ వరండాలో చెప్పులు లేకుండా నడిచేది. తలుపు గడియకు దూది చుట్టింది.

గడియకు దూది చుట్టిన ఆ గదికి ఇరవై అడుగుల దూరంలో, ప్రహరీ గోడకు అవతల, ఓబుళరెడ్డి శెనక్కాయల మిల్లు ఉంది. దాని ఆయిల్ ఇంజను పొగగొట్టం ఆస్పత్రి వైపే ఉంది.

లోపల ఉన్నది కంబదూరు వైపు నుంచి తెచ్చిన గొర్రెల కాపరి. నేను తలుపు సందులోంచి చూస్తుండగా అవతల ఇంజను స్టార్టయింది. ఆ మనిషి మడమలూ తలా మాత్రమే మంచానికి ఆని, నడుము పైకి లేచిపోయింది. అరుపు రాలేదు. దవడ బిగిసినవాడికి అరుపు ఎలా వస్తుంది?

"రోజుకు ఇంజను ఎన్నిసార్లు నిలబెడతారో, ఎన్నిసార్లు తిప్పతారో అన్నిసార్లు ఇంతే" అంది ఎస్తేరమ్మ. "మీ ఆఫీసులో రాసేటోళ్ళందర్నీ తెచ్చి ఈడ ఒక్క గంట నిలబెడితే సాలు. ఫైలు దానంతట అదే నడుస్తాది."

మా ఆఫీసరు గారి పరీక్ష

మా ఎగ్జిక్యూటివ్ ఆఫీసరు భాస్కరరావు గారు కోస్తా వైపు నుంచి వచ్చినవారు. మంచివారు, లంచం తీసుకోరు, ఎవరినీ తిట్టరు. ప్రతిదీ సైంటిఫిక్‌గా ఉండాలంటారు. నేను చూసిన మంచి ఆఫీసర్లలో ఆయనంత ప్రమాదకరమైనవారు లేరు.

ఫిర్యాదు చదివి ఆయన ఇలా తర్కించారు: "చప్పుడంటే ఏమిటి? ఒకరి మాట ఇంకొకరికి వినపడకుండా చేసేది. మాట వినపడిందంటే చప్పుడు లేనట్టే. పట్నాల్లో దీన్ని కొలిచే యంత్రాలున్నాయట, మనకు లేవు. కాబట్టి మనిషినే యంత్రం చేద్దాం. ఈ ఆఫీసులో అందరికంటే చిన్న గొంతు ఎవరిది?"

అందరూ నా వైపు చూశారు. నా జీవితంలో ఒక పోటీలో మొదటి స్థానం రావడం అదే.

పద్ధతి ఇది. ఇంజను నడుస్తుండగా, ఆస్పత్రి వరండాలో నేను కూర్చుని ఒక పుస్తకంలోంచి పది వాక్యాలు మామూలు గొంతుతో చదవాలి. పది అడుగుల దూరంలో ఇంకొకరు కూర్చుని, ప్రతి వాక్యం విని తిరిగి చెప్పాలి. ఏడు సరిగా చెబితే చప్పుడు లేదు. చదివేది మా ఆఫీసు మనిషి కాబట్టి, వినేది మిల్లు మనిషి అయి ఉండాలి. రేపు ఓబుళరెడ్డి పక్షపాతం అనకుండా. ఆఫీసరు గారు ఈ సమతూకానికి తానే ముచ్చటపడ్డారు. గది లోపల ఉన్న గొర్రెల కాపరికి ఈ పరీక్షలో పాత్ర లేదు.

మిల్లు నుంచి ఇంజను డ్రైవరు మస్తాన్‌ను పంపారు. యాభై దాటిన మనిషి, నెరిసిన గడ్డం, చేతులకు నూనె మరకలు. పుస్తకం మా నిబంధనల పుస్తకమే. ఆఫీసరు గారు తెరిచిన పేజీ పశువుల కళేబరాల గురించి. "చచ్చిన పశువును దాని యజమాని ఒక దినములోగా ఊరి వెలుపలికి తరలించవలెను" అని నేను చదివాను. ఇంజను మోతలో నా మాట నాకే వినపడలేదు.

మస్తాన్ ఆ వాక్యాన్ని పొల్లుపోకుండా తిరిగి చెప్పాడు.

రెండోదీ చెప్పాడు. పదీ చెప్పాడు. ఉదయం ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి పరీక్ష జరిగింది. పేజీ మారిస్తే కొలత మారిపోతుందని మూడు పూటలూ అదే పేజీ. ముప్పైకి ముప్పై. ఆఫీసరు గారు తల ఎత్తకుండా నోటుబుక్కులో టిక్కులు పెట్టుకుంటూ పోయారు. ఓబుళరెడ్డి మస్తాన్ భుజం తట్టి, "మావోనివి పాము చెవులు సార్!" అన్నాడు.

నా డైరీలో ఆ రోజు ఇలా ఉంది: "ఆ మనిషికి సిగ్గు లేదు. మూడు పూటలా నా నోటివైపే గుడ్లప్పగించి చూశాడు. ఇంటికొచ్చి ముఖం కడుక్కున్నాను."

చప్పుడు రుజువు కాలేదని ఫైలు మూసేశాం. నాలుగో రోజు గొర్రెల కాపరి చచ్చిపోయాడు. చప్పుడు వల్లే పోయాడని నేననను. డాక్టరు గారూ అనలేదు. ఆ జబ్బులో బతికేవాళ్ళు తక్కువే. ఆ నాలుగు రోజులు అతనికి ఎలా గడిచాయో మాత్రం నాకు తెలుసు. ఎస్తేరమ్మ చాలాకాలం నాతో మాట్లాడలేదు. నా తప్పు అనుకుందో ఏమో. నా తప్పు నాకు అప్పటికి తెలియదు.

లారీ హారను

మరుసటి ఏడు శెనక్కాయల కాలంలో, లైసెన్సు కాగితం ఇవ్వడానికి మిల్లుకు పోయాను. భోజనాల వేళ, ఇంజను ఆగి ఉంది. ఆవరణలో లారీ ఒకటి వెనక్కి వస్తోంది. దానికి అడ్డంగా మస్తాన్ నడిచిపోతున్నాడు. డ్రైవరు హారను కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. మస్తాన్ తల కూడా తిప్పలేదు. గింజలు ఏరే ఆడవాళ్ళలోంచి ఒకామె పరుగెత్తి వచ్చి ఆయన చెయ్యి పట్టి పక్కకు లాగింది.

"చెవుడా ఏమప్పా నీకు?" అని లారీలోంచి అరిచాడు డ్రైవరు.

"నీకే చెవుడు! అన్న ఇంజను ఆలోచన్లో ఉండాడు. చూసుకోని తోలు" అని ఆమె తిరిగి అరిచింది. తరవాత మస్తాన్ ఎదురుగా వచ్చి నిలబడి, ముఖం పైకెత్తి, "చూసుకోని నడువు అన్నా, నీ ఇంట్లో పుణ్యముంటాది" అంది మెల్లగా. ఆయన నవ్వాడు.

ఆమె పేరు నాగమ్మ. మిల్లులో అందరూ మస్తాన్‌ను వెనక నుంచి కేకేసి, పలక్కపోతే తిట్టేవాళ్ళు. ఆమె ఒక్కతే ఎదురుగా వచ్చి మాట్లాడేది.

నాకు వరండా గుర్తొచ్చింది. నా నోటివైపు అప్పగించిన ఆ కళ్ళు గుర్తొచ్చాయి. దగ్గరికి వెళ్ళి ఆయన ఎదురుగా నిలబడ్డాను. గొంతు పెగల్చకుండా, ఉత్త పెదవులు కదిలించి, "నీళ్ళుండాయా అన్నా?" అన్నాను.

"ఆ కుండలో ఉండాయి, తాగమ్మా" అన్నాడు.

ఇంజను పక్కన ఇరవై ఏళ్ళు నిలబడి చెవులు పోగొట్టుకున్న మనిషిని తెచ్చి, ఆ ఇంజను చప్పుడు చేయదని ముప్పైసార్లు సాక్ష్యం చెప్పించాం. మిల్లు మోతలో పనిచేసేవాళ్ళు ఒకరి మాట ఒకరు పెదవులు చూసే తెలుసుకుంటారన్న సంగతి, ఆ ఊళ్ళో ఏ కూలివాణ్ణడిగినా చెప్పేవాడు. మేం అడగలేదు. వాళ్ళను అడగడం సైంటిఫిక్ కాదు.

ఆఫీసరు గారికి చెప్పేద్దామని ఆఫీసు దాకా వచ్చాను. చేతిలో లైసెన్సు కాపీ ఉంది. అందులో షరతు: ఇంజను నడుపు వ్యక్తికి వినికిడి సరిగా ఉండవలెను. దాన్ని టైపు చేసింది నేనే, నాలుగు కాపీలు. నేను నోరు విప్పితే పరీక్ష చెల్లదు, దాంతోపాటు మస్తానన్న కూడు కూడా పోతుంది. చెవులు తీసుకున్న మిల్లు ఉద్యోగం కూడా తీసుకుంటుంది, మా షరతు ప్రకారమే.

నేను నోరు విప్పలేదు. అందులో నాకు మంచి అనుభవం ఉంది.

పుస్తకం అడ్డం

పదిహేను రోజులు గడిచాయో లేదో, ఎస్తేరమ్మ ఆఫీసులోకి వచ్చింది. ఈసారి నా బల్ల దగ్గర ఆగకుండా నేరుగా ఆఫీసరు గారి గదిలోకే పోయింది.

"సార్, మీ పరీక్ష మళ్ళా పెట్టండి. ఈ తూరి లోపల పండుకోనుండేది మిల్లు మనిషే. నాగమ్మ. కాలికి మిల్లులోనే మేకు దిగినాది. ఇద్దరు పిల్లోళ్ళు వరండాలో కూసోనుండారు. ఇంజను తిప్పిన ప్రతిసారీ ఆ పిల్లోళ్ళు చెవులు మూసుకుంటాండారు, వాళ్ళమ్మకు తగ్గుతాదేమో అని."

ఓబుళరెడ్డిని పిలిపించారు. ఆయన ఒప్పుకోలేదు. "కాయల కాలంలో మిల్లు నిలిపేదెట్ల సార్? కూలోళ్ళ పొయ్యి మీరొచ్చి అంటిస్తారా? నాగమ్మ మా మనిషే, నాకు మాత్రం బాధ లేదా? పరీక్ష పెట్టండి, పాసయితాం" అన్నాడు. ఆయన మాటలో సగం నిజముంది. సగం నిజం చెప్పేవాళ్ళతో వాదించడం చాలా కష్టం.

అదే వరండా, అదే పది అడుగులు, అదే పుస్తకం. ముప్పైకి ముప్పై తెచ్చిన మనిషిని ఓబుళరెడ్డి ఎందుకు మారుస్తాడు? మస్తానే వచ్చి కూర్చున్నాడు. నల్ల గుడ్డ కట్టిన కిటికీ వైపు ఒకసారి చూశాడు. అవతల ఇంజను మొదలైంది. వరండాలో పిల్లలిద్దరూ చెవులు మూసుకున్నారు.

నేను పుస్తకం తెరిచాను. అదే పేజీ. పుస్తకాన్ని ముఖానికి అడ్డంగా, కళ్ళ దాకా ఎత్తి పట్టుకున్నాను. చదివాను.

"వనజా, పుస్తకం కొంచెం దించమ్మా" అన్నారు ఆఫీసరు గారు.

దించలేదు. పై అధికారి చెప్పిన మాట వినకపోవడం అదే మొదటిసారి. అట్ట వెనక నుంచి ఎస్తేరమ్మ గొంతు వినిపించింది: "ఆ పాపకు సిగ్గు సార్. మొగోళ్ళ ముందర కూసోబెట్టి నోరు చూస్తాంటే ఎట్ల చదువుతాది?" అందరూ నవ్వారు. ఆఫీసరు గారు ఊరుకున్నారు. ఆడపిల్ల సిగ్గును మించిన సాకు ప్రభుత్వ ఆఫీసులో ఇంకొకటి లేదు. చిన్నప్పటి నుంచి నా పరువు తీసిన గుణం ఒక్క రోజు పనికొచ్చింది.

మొదటి వాక్యం అయింది. అందరూ మస్తాన్ వైపు తిరిగి ఉంటారు. నాకు అట్ట తప్ప ఏమీ కనపడటం లేదు. చాలాసేపటికి మస్తాన్ గొంతు వినపడింది.

"ఇనపడల్యా సార్."

రెండోది. "ఇనపడల్యా." పది వాక్యాలకూ అదే జవాబు. మధ్యాహ్నమూ అంతే, సాయంత్రమూ అంతే.

ఓబుళరెడ్డి మండిపడ్డాడు. "ఏమిరా! పోయినేడు ముప్పై ఇనపడె, ఈ పొద్దు ఒకటీ ఇనపడల్యా?"

మస్తాన్ ఆయన ముఖంలోకి చూసి నెమ్మదిగా చెప్పాడు: "ఇంజను ముసలిదయిపాయ గదా రెడ్డీ. కూత ఎక్కువయిండాది."

ఆర్డరు వచ్చింది. చీకటి గదిలో రోగి ఉన్నన్నాళ్ళు ఎస్తేరమ్మ ప్రహరీ గోడ మీద తెల్ల గుడ్డ ఆరేస్తుంది. గుడ్డ ఉన్నంతవరకు ఇంజను తిప్పకూడదు. పదకొండేళ్ళలో మా ఆఫీసు నుంచి వెలువడినవాటిలో మనిషికి అర్థమయ్యే ఆర్డరు అదొక్కటే.

చాటింపు

ఆర్డరు వస్తే సరిపోదు. సంబంధిత స్థలంలో తప్పెట కొట్టి చాటింపు వేస్తేనే అమలులోకి వస్తుందని నిబంధన. సంబంధిత స్థలం ఏది? ఆస్పత్రి గేటు. అంటే, ఆస్పత్రి దగ్గర చప్పుడు చేయరాదని ఆస్పత్రి దగ్గర తప్పెట కొట్టి చెప్పాలి.

ఇది నాకు ఆర్డరు టైపు చేసేటప్పుడు తట్టలేదు. తప్పెట కొట్టే పెద్దన్న కాగితం మీద వేలిముద్ర వేసి బయల్దేరిపోయాక తట్టింది. చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాను. బజారులో జనం లేచి నిలబడి చూశారు. నేను పరుగెత్తడం వాళ్ళెప్పుడూ చూడలేదు. గేటు దగ్గర పెద్దన్న తప్పెటను నడుముకు సర్దుకుని కర్ర ఎత్తాడు. రెండు చేతులూ తప్పెట మీద ఆనించి అలాగే నిలబడిపోయాను. కర్ర నా వేళ్ళకు అంగుళం దూరంలో ఆగింది.

"ఏమ్మా, చెయ్యి ఇరిగిపోయేది గదా! ఏమయింది?"

"కొట్టద్దు."

"కొట్టకపోతే ఆర్డరు పారదు గదా. రేపు రెడ్డి కోర్టుకు పోతే నా తలకాయ పోతాది."

నాకు ఊపిరి ఆడటం లేదు. "లోపల నాగమ్మ ఉంది" అన్నాను.

పెద్దన్న గేటులోంచి నల్ల గుడ్డ కిటికీ వైపు చూశాడు. తరవాత మళ్ళీ కర్ర ఎత్తి, చర్మానికి తగలకుండా, గాల్లో కొట్టడం మొదలుపెట్టాడు. మోచెయ్యి ఆడుతోంది, తల ఊగుతోంది, అలవాటైన అడుగులు పడుతున్నాయి. చప్పుడు లేదు. నోరు తెరిచి, గొంతు లేకుండా, చాటింపు మొత్తం పలికాడు. మిల్లు గేటు దగ్గర నిలబడి ఇదంతా చూస్తున్న మస్తాన్ తల ఊపాడు. ఆ చాటింపు పూర్తిగా అర్థమైనవాడు ఆయనొక్కడే.

"తప్పెట కొట్టి చాటింపబడినది" అని నేను సాక్షి సంతకం పెట్టాను. అది రెండో మోసం. దాని గురించి ఒక్కరోజు కూడా చింతించలేదు.

గడి లేని సంగతులు

నాగమ్మ బతికింది. తెల్ల గుడ్డ గోడ మీద మూడు వారాలకు పైగా ఉంది. తరవాత చాలాకాలం ఆమె నోరు పూర్తిగా తెరిచేది కాదు. అయినా తిట్టడానికి అది అడ్డం రాలేదని మిల్లువాళ్ళు చెప్పేవారు.

నన్ను తిట్టినవాళ్ళు కూడా ఉన్నారు. మూడు వారాలు కూలి లేక గింజలు ఏరే ఆడవాళ్ళు బజారులో నిలదీశారు. "ఆ సిగ్గుపాప మా కూటి మీద కొట్టింది" అన్నారు. నిజమే. ఇంజను ఆపమన్నామే గాని, ఇంజను ఆగితే వాళ్ళేం తినాలో ఆర్డరులో గడి లేదు. మస్తానన్న చెవులకూ గడి లేదు. గోడకు ఇవతల ఉన్నవాళ్ళ ఆరోగ్యం కోసం నియమం రాశాం. గోడకు అవతల, ఇంజను పక్కనే నిలబడ్డవాడు ప్రజల్లోకి రాడు కాబోలు. మీరెప్పుడైనా ఇలాంటి ఆర్డరు రాయాల్సి వస్తే, చప్పుడుకు అందరికంటే దగ్గరగా ఎవరున్నారో ముందు చూడండి. మేం చూడలేదు.

భాస్కరరావు గారి పద్ధతిని పై ఆఫీసు మెచ్చుకుంది. పక్క ఊళ్ళలో కూడా పెట్టమన్నారట. అంత చిన్న గొంతు దొరక్క ఆగిపోయిందని విన్నాను.

ఇప్పుడు కరెంటు మోటారు వచ్చింది. కాయలు వొలిచే మిషను మోత మోగుతూనే ఉంది, కానీ ఫైలులో చప్పుడు అంటే ఇంజనే. ఇంజను లేదు కాబట్టి తెల్ల గుడ్డ ఆర్డరు కూడా రద్దయింది. ఎస్తేరమ్మ మాత్రం గుడ్డ ఆరేస్తూనే ఉంది. అది చూసి మోటారు ఆపుతూనే ఉన్నారు. రద్దయిన సంగతి వాళ్ళకు ఎవరూ చాటింపు వేయలేదు. వేయించాల్సిన సీటు నాదే. మరిచిపోయాను.

ఇంజను పోవడంతో మస్తానన్న పని కూడా పోయింది. అందుకే ఇప్పుడిది రాయగలుగుతున్నాను. సీటు అప్పగించిన రోజు సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. అరుగు మీద కూర్చుని బీడీ చుట్టుకుంటున్నాడు. ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను.

"లైబ్రరీలో చేరుతున్నాను అన్నా. కదిరి దగ్గర."

"పుస్తకాలుండే చోటా? ఆడ ఎవురూ మాట్లాడగూడదంట గదా. నీకు సరిపోతాదిలే" అని నవ్వాడు. తరవాత బీడీ పక్కన పెట్టాడు. "ఒక మాట అడుగుతా, నిజం చెప్పు. ఆ పొద్దు పుస్తకం అడ్డం పెట్టుకుంటివే, సిగ్గుతోనేనా?"

నేను కాదన్నట్టు తల ఊపాను. పదకొండేళ్ళ ఉద్యోగంలో అంత కష్టమైన జవాబు ఇంకెవరికీ ఇవ్వలేదు.

ఆయన బడిపిల్లాడిలా నిటారుగా కూర్చుని, "చచ్చిన పశువును దాని యజమాని ఒక దినములోగా ఊరి వెలుపలికి తరలించవలెను" అని మొదలుపెట్టి, ఆగకుండా, తడుముకోకుండా, పది వాక్యాలూ వరసగా అప్పజెప్పాడు.

"మొదటి తూరి మూడు పూట్లు అదే పేజీ చదివితివి గదమ్మా, నోటికొచ్చేసిండె" అన్నాడు మస్తానన్న. "నువ్వు పుస్తకం అడ్డం పెట్టకపోయినా, ఇనపడల్యా అనే చెప్తాంటి."